పోవాల్సింది పోదు, ఉండాల్సింది ఉండదు

రాష్ట్రాన్ని విడదీయడమూ ఒక అన్‌ఇన్‌స్టాలేనని మా ఎర్రుపాలెం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. మా మండలం దాటితే ఆంధ్రా. ఫోన్ కంపెనీల లెక్కలో మాత్రం రెండు రాష్ట్రాలూ కలిపి ఇప్పటికీ ఒకటే సర్కిల్, పేరు ఆంధ్రప్రదేశ్. యాప్ తీసేశారు, డేటా ఉంచేశారు.

మా బాబాయికి ఈ సంగతి ఎక్కదు. "స్టోరేజీ నిండిందంటే పొద్దున్నే కనపడ్డ యాప్‌లన్నీ పీకేశాను అబ్బాయ్, అయినా నిండే ఉందంట. ఏందిరా ఇది?" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. గ్యాలరీ తెరిస్తే శుభోదయాలు. గులాబీ మీద శుభోదయం, టీ కప్పు మీద శుభోదయం, జమలాపురం వెంకన్న పక్కన శుభోదయం. ఆ బొమ్మలు చేసే యాప్‌ను ఆయన సంక్రాంతికే తీసేశాడు. డౌన్‌లోడ్స్‌లో ఒకటే కరెంటు బిల్లు, చివర ఒకటీ రెండూ మూడూ అని అంకెలు తగిలించుకుని బారుగా ఉంది.

ఆండ్రాయిడ్ పద్ధతి ఉమ్మడి ఇంటి పద్ధతే. ప్రతి యాప్‌కూ ఒక సొంత గది ఇస్తుంది. యాప్ పోతే గది ఊడ్చి కడిగేస్తుంది. కానీ ఆ యాప్ వసారాలో, అంటే గ్యాలరీలోనో డౌన్‌లోడ్స్‌లోనో, పడేసి పోయినవాటిని ముట్టుకోదు. అవి ఇంటివాళ్లవి అనుకుంటుంది. బాబాయి శుభోదయాలన్నీ వసారా సరుకే.

పిన్ని కష్టం వేరు. ఆవిడ మిఠాయిలు కలిపే ఆట సొంత గదిలో ఉండేది. ఖాతా పెట్టి లాగిన్ కాలేదు. బాబాయి పీకినవాటిలో అదీ పోయింది.

"మళ్లీ వేసుకోవే, ఊరికే వస్తుందిగా" అన్నాడు బాబాయి.

"యాప్ ఊరికే వస్తుందండీ, లెవెలు ఎవరిస్తారు? ఆ ఆట మొదలెట్టాక పెద్దదాని పెళ్లయింది, కాన్పయింది, పిల్లాడికి అన్నప్రాసనా అయింది!"

దీనికి విరుగుడు లేకపోలేదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, యాప్ తీసేసేటప్పుడు డేటా ఉంచమంటారా అని అడిగే టిక్కు పెట్టె ఒకటుంది. అయితే అది కనపడాలా వద్దా అన్నది యాప్ చేసినవాళ్ల ఇష్టం. కావాలనుకునేవాళ్లు బహు తక్కువ. అల్లుడి ఐఫోన్‌లో అయితే 2017 నుంచి ఆఫ్‌లోడ్ అని ఉంది: యాప్ పోతుంది, దాని సామాను ఉంటుంది. అల్లుళ్లకు అన్నీ అమరుతాయి.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఇంకో ఏర్పాటూ ఉంది. యాప్ వాళ్లు వద్దనకపోతే ఒక్కో యాప్ డేటా 25 ఎంబీ దాకా గూగుల్ ఖాతాలో దానంతటదే భద్రమవుతుంది, యాప్ మళ్లీ వేస్తే తిరిగొస్తుంది. పిన్ని లెవెలుకు అందులో వెయ్యో వంతు చాలు. షరతులే మా ఇంటికి సరిపడవు. మామూలుగా వైఫై ఉండాలి. ఫోన్ ఖాళీగా పడి ఉండాలి. మా ఇంట్లో ఫోన్ ఖాళీగా ఉండటమా! పిన్ని ఆట ఆపితే బాబాయి రీల్స్, ఆయన కునుకు తీస్తే మనవడు. మనవడి చేతిలోంచి లాక్కునేసరికి చార్జింగు ఉండదు.

ఇంతలో ఫోన్ మోగింది. బాబాయి నంబరు చూసి కట్ చేశాడు. పొద్దున పీకినవాటిలో అప్పులిచ్చే యాప్ కూడా ఒకటుందని అప్పుడు బయటపడింది.

"తీసేశాగా, ఇంకా ఎట్లా చేస్తున్నార్రా? మధిరలో బావమరిదికి కూడా చేశారంట!"

మనుషుల నంబర్ల జాబితా జోలికి పోవద్దని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. ఈ యాప్ వాళ్లు ఆ కాగితం చదివినట్టు లేరు. యాప్ తీసేస్తే ఫోన్‌లోది పోతుంది గానీ, వాళ్ల సర్వర్‌కు చేరినవి చేరినట్టే ఉంటాయని చెప్పాను.

"నంబర్లన్నీనా?"

"అన్నీ, బాబాయ్."

"మరి నేను కట్టాల్సింది?"

"అది అన్నిటికన్నా పదిలంగా ఉంటుంది."

బాబాయి కాసేపు ఆలోచించి, "ఆ పిన్ని లెవెలేదో వాళ్ల దగ్గరే పెట్టుంటే సరిపోయేదిరా" అన్నాడు.