పొయ్యిలో పోసిన పొటాష్

ఆ ఏడు ఊకకు ఇటుకబట్టీల వాళ్లు మంచి ధర పెట్టారు. మిర్యాలగూడ పక్కన మా బాయిల్డ్ రైస్ మిల్లులో బాయిలర్ మండేది ఆ ఊకతోనే. అటు చూస్తే, మిషన్ కోసి వదిలిన వరిగడ్డిని రైతులు పొలాల్లోనే తగలబెడుతున్నారు. ఊక అమ్మేసి గడ్డి కాలిస్తే నాలుగు డబ్బులు మిగులుతాయి, ఊరికి పొగా తగ్గుతుంది అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

గడ్డి వేయడం మొదలుపెట్టిన నాలుగో రోజు మా ఫైర్‌మన్ వచ్చాడు. "సేటూ, పొయ్యిల బూడిద బంక కడుతుంది. గడ్డి ఆపుదాం" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ మంట ముందు నిలబడ్డ మనిషి. "మంట చాలక అట్లయితుంది, ఫ్యాన్ పెంచు" అన్నాను. వేడి పెరిగింది. బంక కరిగి పొయ్యి అడుగు జాలీ (గ్రేట్) మీద బండలా పేరుకుంది. బాయిలర్ ట్యూబులకు పొర కట్టి ఆవిరి పడిపోయింది. ఆ బండను గునపంతో పొడిచి తీస్తుంటే ఎర్రటి పెళ్ల విరిగి అతని ముంజేతి మీద పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చూసినప్పుడల్లా నా మాటే నాకు వినిపిస్తుంది.

తర్వాత తెలుసుకున్నాను. ఊకలో ఐదో వంతు దాకా బూడిదే, అందులో 85 శాతం పైగా సిలికా. అది విడిగా కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. గడ్డిలో సిలికాకు పొటాషియం తోడవుతుంది. రెండూ కలిస్తే 800 డిగ్రీల లోపే మెత్తబడటం మొదలవుతుంది. గడ్డిలోని క్లోరిన్ ఆ పొటాషియాన్ని ఆవిరిగా లేపి ట్యూబులకు అతికిస్తుంది, ఇనుమును తినేస్తుంది. పైరు పీల్చిన పొటాష్‌లో ఎక్కువ భాగం గింజకు చేరదు, గడ్డిలోనే ఉండిపోతుంది. నేనూ రైతునే. ఏటా మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చేత్తో చల్లినవాణ్ణే. అది పొటాషియం, క్లోరిన్ కలిసిన ఉప్పేనని తెలిసీ, అదంతా ఎటు పోతుందని ఒక్కనాడూ ఆలోచించలేదు.

డెన్మార్క్‌లో గడ్డి కాల్చే విద్యుత్ కేంద్రాలకు వానలో నాని రంగు మారిన గడ్డే మేలు. ఆ ఉప్పును వాన కడిగి తిరిగి నేలలో కలుపుతుంది. మేమూ ఇప్పుడు రెండు వానలు పడి, మళ్లీ ఎండిన గడ్డినే కొంటున్నాం. ఊకలో కొద్దికొద్దిగా కలుపుతున్నాం. మంటను హద్దు దాటనివ్వడం లేదు.

గడ్డి బండి రాగానే ముందు ఫైర్‌మనే పిడికెడు లాగి చూస్తాడు. పసుపుపచ్చగా నిగనిగలాడితే వెనక్కి పంపేస్తాడు. నేను అడ్డు చెప్పను.