రౌటర్ ఆర్పి వెలిగిస్తే సరిపోతుందా?

మా బండ్రి ఊళ్లో ఇప్పుడు ఎవరినడిగినా ఒకటే మాట: "నెట్ స్లో". ఎక్కడ, ఏ వేళలో అంటే జవాబుండదు. రౌటర్ ఆర్పి మళ్లీ వెలిగిస్తారు. జ్వరమైనా, కాలు విరిగినా అదే మాత్ర.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో తల నెరిసినవాణ్ణి, నాకు ఒళ్లు మండదా? మా రోజుల్లో బెంగళూరుకు ట్రంక్ కాల్ పొద్దున బుక్ చేస్తే మధ్యాహ్నానికి దొరికితే దొరికినట్టు. అదేదో వైభోగమని అనను. కానీ లైన్లు ఖాళీ లేవని ఆపరేటరమ్మ మొహం మీదే చెప్పేది. ఏ గంటలో ఎన్ని కాల్స్ దొరకలేదో రిజిస్టరులో రాసేవాళ్లం. ఇంకో లైను వేయాలా వద్దా అన్నది ఆ లెక్కే తేల్చేది. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఆయన 1909లోనే దానికి గణితం కట్టడం మొదలుపెట్టాడు. ఇప్పటి నెట్‌వర్క్ స్విచ్ అలా కాదు. మోయలేని డేటా ప్యాకెట్‌ను చడీచప్పుడు లేకుండా పారేస్తుంది.

1986 జూలైలో మన కర్ణాటకలోనే, కిత్తూరులో, సీడాట్ సంస్థ మొదటి గ్రామీణ ఎక్స్‌ఛేంజి పెట్టారు. దానికి 128 పోర్టులు. మేమంతా మురిసిపోయాం. ప్యాకెట్లు పారేస్తే ఏమవుతుందో ఆ అక్టోబరులోనే అమెరికాలో తేలింది: బర్క్‌లీ దగ్గర 400 గజాల దారిలో, సెకనుకు 32 వేల బిట్లు నడవాల్సిన నెట్‌వర్క్ 40 బిట్లకు పడిపోయింది! పోయిన ప్యాకెట్‌ను ప్రతి కంప్యూటరూ మళ్లీ మళ్లీ పంపి రద్దీని ఇంకా పెంచింది. పోతున్నాయంటే పంపడం తగ్గించాలని వాన్ జాకబ్సన్ 1988లో దారి చూపాడు. ఆ సంగతి ఇప్పటి కంప్యూటర్లకు తెలుసు. మనుషులు మాత్రం ప్లాన్ పెంచుతారు.

మొన్న మా అక్క మనవడు అదే చేయబోయాడు. "తాతా, కంపెనీవాళ్లు పెద్ద ప్లాన్ తీసుకోమంటున్నారు."

"ముందు స్విచ్‌లో లెక్కలు తియ్యరా."

అది మా రిజిస్టరే. కాకపోతే రాసే పని లేదు, చదివేవాడూ లేడు. సీఆర్‌సీ తప్పులు పెరుగుతుంటే ప్యాకెట్ దారిలో చెడిపోతోందని. ముందు తీగనో ప్లగ్గునో అనుమానించాలి. డిస్కార్డులు, అంటే స్విచ్ పారేసిన ప్యాకెట్లు, పెరుగుతుంటే రద్దీ. వాడి స్విచ్‌లో సీఆర్‌సీ సున్నా. డిస్కార్డులన్నీ ఒకే పోర్టులో, మేడ మీది రౌటరుకూ కెమెరా రికార్డరుకూ పోయే దాంట్లో. సగటు చూస్తే పోర్టు సగం ఖాళీ. ఆ సగటును నమ్మకూడదు. పది ఖనిజం లారీలు ఒక్కసారే గేటు దగ్గరికొస్తే, మిగతా రోజంతా రోడ్డు ఖాళీగా ఉండి ఏం లాభం?

మిగతా పోర్టులన్నీ గిగాబిట్, ఇది 100 మెగాబిట్. ఎందుకు? గిగాబిట్‌కు తీగలో నాలుగు జతలూ కావాలి, వందకు రెండు చాలు. మెట్ల కింద ఎలుక ఒక జతను కొరికేసింది. మిగిలిన జతల మీద ప్యాకెట్లు శుభ్రంగానే పోతున్నాయి కాబట్టి సీఆర్‌సీ సున్నా, దారే ఇరుకైంది.

కొత్త తీగ వేశాం. ప్లాన్ పాతదే. ఎలుక మటుకు ఇంకా దొరకలేదు.