లైను మాహాత్మ్యము

అచ్చంపేటను ఆంగ్లేయుడు ఏలియుండలేదు. ఏలినవాడు నైజాము. కచ్చేరి, దస్తావేజు, ఫైసలా వంటి మాటలను మాకు దయచేసి 1948లో ఆయన ప్రభుత్వము అస్తమించినది. దొర ఏలకున్నను దొర భాషలోని చిన్న మాటయొకటి, ఎవరి వెంట వచ్చినదో, ఏ బస్సు దిగినదో గాని, నల్లమల అంచుననున్న మా ఊరిలో స్థిరనివాసమేర్పరచుకొని, ఇంగ్లీషు అక్షరము ముక్క యెరుగని వారి నోట స్వదేశమునందైనను ఎరుగని వైభవమనుభవించుచున్నది. అది 'లైను'.

రేఖకు పొడవే గాని వెడల్పు లేదని యూక్లిడు మహాశయుడు సెలవిచ్చినాడు. సంక్రాంతి బ్రహ్మోత్సవముల నాడు ఆయనను ఉమామహేశ్వరమునకు కొనివచ్చి కొండ మెట్ల యొద్ద నిలువబెట్టగలిగినచో, వెడల్పే గాని పొడవు లేని రేఖ యొకటి కలదని తన గ్రంథమును తానే దిద్దుకొనియుండెడివాడు. ఆ సమ్మర్దము నడుమ ఒక అవ్వ "లైన్ల రాండ్రి నాయినా, లైన్ల రాండ్రి" అని లోకమునకెల్ల నీతి చెప్పుచు, తాను మాత్రము పక్కనుండి దూరి ముందునకు సాగును. క్యూ అనినను లైనే, లైను అనినను క్యూయే. ఒక్కదానియందు నమ్మకము చాలక కాబోలు, మనవారు రెండింటికిని ముడివేసి 'క్యూలైను' చేసినారు.

అడవిలోనికి పోయినను ఇది వదలదు. అమ్రాబాదు పులుల అభయారణ్యమున, అగ్గి పుట్టినచో ముందునకు పాకకుండుటకై, ఎండుగడ్డిని, రాలిన ఆకును పట్టీలుగా ఊడ్చివేయుదురు. అది ఫైర్ లైను. పులుల లెక్కింపు కాలమున సిబ్బంది 2 కిలోమీటర్ల తిన్నని దారి వెంట నడచుచు దుప్పులను, కణుజులను ఎంచుదురు, అదియు లైనే. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూతపడి ఉదయము 6 గంటలకు తెరచుకొనులోపల శ్రీశైలయాత్రికుల కార్లు కట్టునది మరియొక లైను. ఈ మూటిలో దుప్పుల లైనొక్కటే వంకర లేనిది. అచట ముందునకు దూరువారు లేరు.

ఇక 'లైన్ క్లియర్' అనునొక మహామంత్రము కలదు. రైల్వేలో ఒక స్టేషనువారు వెనుక స్టేషనువారికి లైన్ క్లియర్ ఇచ్చిరనగా, పట్టాలు ఖాళీగా నున్నవి, బండిని పంపవచ్చునని అర్థము. విద్యుచ్ఛాఖలో సబ్‌స్టేషనునుండి లైన్‌మన్ ఎల్సీ, అనగా అదే లైన్ క్లియర్, తీసుకొనెననగా కరెంటు ఆపివేసినారు, అతడు దానిని తిరిగి అప్పగించువరకు ఏమియు పంపరాదని అర్థము. ఒకచోట "రమ్ము", మరియొకచోట "రాకుము"! ఒకరి అర్థమును మరియొకరు ఆచరించినచో ఏమగునో ఊహించుటకే భయము. అదృష్టవశమున మా ఊరికి ఆ ప్రమాదము లేదు. కరెంటు లైను, ఫోను లైను, నల్లా పైపులైను అన్నియు వచ్చినవి గాని, రైలు లైను మాత్రము ఇంతవరకు రాలేదు. రైలెక్కవలెనన్న జడ్చర్లకో మహబూబ్‌నగరుకో పోవలసినదే. రాజకీయములలో మాత్రము ఫలానావారి టికెట్టుకు లైన్ క్లియర్ అని పత్రికలు వ్రాయుచుండును. అది ఏ శాఖవారి అర్థమో నామినేషన్ల గడువు ముగిసిన పిదప గాని తేలదు.

ఇటీవల నేనొక పెండ్లి మాటలకు మధ్యవర్తులలో ఒకడనై కూర్చుంటిని. పిల్ల తండ్రి మర్యాదగా, "పిల్లగాడు ఏ లైన్ల ఉన్నడు బావా?" అనెను. వరుని తండ్రి మీసము సవరించుకొని, "పదకొండు కేవీ లైన్ల" అనెను. పలికినది సత్యమే, పిల్లవాడు లైన్‌మన్. అంతవరకు గోడకానుకొని వినుచున్న పిల్ల నాయనమ్మకు ఈ సాంకేతిక విషయములయందు ఆసక్తి లేదు.

"అది గాదు బిడ్డా, పోరగాడు ఎవలకన్న లైన్ ఏస్తడా?"

"ఎందుకెయ్యడు అవ్వా! అర్ధరాత్రి ఫోన్ జేసినా పోయి ఏసొస్తడు. మొన్న గాలిదుమారంల ఒక్కడే రెండూర్లకు ఏసిండు!"

అవ్వ చేతిలోని ఆకువక్క నోటిదాక పోక నిలిచినది. మాలో పెద్దమనిషియైన ఒకాయన ఆమెను వసారాలోనికి తోడుకొనిపోయి, ఏమి బోధించెనో, కొంతసేపటికి వచ్చి, "లైన్ క్లియర్" అని ప్రకటించెను. రైల్వేవారిదో, విద్యుచ్ఛాఖవారిదో నేనడుగలేదు.