నాందేడ్ ప్రణాళికలు రాసే పెద్దలకు ఒక స్తుతి

నాందేడ్ రోడ్లనూ పట్టాలనూ ఏలే పెద్దలారా! ముందుగా మీ సమదృష్టికి దండం. జునా మోండా బజారు దగ్గర సరుకు లారీకి, బడిపిల్లల ఆటోకి, తోపుడు బండికి, హుజూర్ సాహిబ్ గురుద్వారా దర్శనానికి పంజాబ్ నుంచి వచ్చిన ముసలమ్మకి ఒకటే దారి ఇచ్చారు. చిన్నాపెద్దా తేడా చూపలేదు.

మీ హద్దుల నిష్ఠ ఇంకా గొప్పది. 2003లో ఏర్పడిన రైల్వే డివిజన్ ఇక్కడిదే అయినా దాని పెద్దాఫీసు సికింద్రాబాద్‌లో ఉంది. జాతీయ రహదారి ఢిల్లీది, మార్కెట్ యార్డు బజారు సమితిది, వీధులు నగరపాలికవి. ఒకరి గడప ఇంకొకరు తొక్కరు. ఈ నాలుగింటి నడుమ మిగిలిన దూరం ఎవరిదీ కాదు గనుక దాన్ని హమాలీకి ధారపోశారు.

పసుపు లోడు దిగేటప్పుడు చూడండి. హమాలీ తలగుడ్డను మెడమీదికి జార్చి వీపు వంచుతాడు. ఇద్దరు బస్తా ఎత్తి ఆనిస్తారు. కొక్కెం గోనెలో దిగగానే పచ్చటి దుమ్ము లేచి అతని కనురెప్పల మీద పడుతుంది. వెనక హారన్లు మోగుతుంటే మురుగుకాల్వ మీది బండ దాటి కొట్లో దించుతాడు. అదే బస్తా మళ్లీ టెంపో ఎక్కుతుంది. ఎక్కించిన ప్రతిసారీ కూలి పడుతుంది, చివరికి అది వసమత్, హింగోలి రైతుకు దక్కే ధరలోంచే తెగుతుంది.

పాత సంప్రదాయాన్ని ఇంతగా కాపాడినవారు మరొకరు లేరు. మీటర్‌గేజీ రోజుల్లో సరుకును మన్మాడ్‌లో ఒక బండి నుంచి ఇంకో బండికి మార్చేవారు. బ్రాడ్‌గేజీ వచ్చి ఏళ్లయినా ఆ మార్పిడిని మీరు పోనివ్వలేదు, తెచ్చి నాందేడ్ వీధుల్లో నిలబెట్టారు.

మీకు చేతకాదంటే మాత్రం నేను ఒప్పుకోను. 2008లో సిక్కుల గురుతా గద్దీ 300 ఏళ్ల ఉత్సవానికి కేంద్రం సొమ్ము తెచ్చి రోడ్లు, వంతెనలు, గోదావరి ఘాట్లు కట్టారు. లక్షలమంది ఎక్కడ దిగాలో, ఎటు నడవాలో ముందే ఆలోచించారు. ఆ ఆలోచన బస్తాల దాకా, వాటిని మోసేవాళ్ల దాకా రాలేదు.

దూరదృష్టి సంగతి చెప్పనక్కర్లేదు. జాల్నా డ్రైపోర్టుకు 2015లోనే శంకుస్థాపన చేశారు. 2021లో గతిశక్తి పథకం వచ్చింది, 2022లో జాతీయ లాజిస్టిక్స్ విధానం వచ్చింది. సమృద్ధి మహామార్గానికి కలిపే దాదాపు 180 కిలోమీటర్ల జాల్నా-నాందేడ్ రహదారీ మీ పటంలో ఉంది. అంతదూరం చూడగల కళ్లకు మోండా మలుపు ఆనదు. దెగ్లూరు, సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ వైపు సాగే 161వ నంబరు రహదారి పక్కన లారీ ఆపి మరుగుదొడ్డి కోసం వెతుక్కునే మన డ్రైవరన్నా ఆనడు.

ఇంతగా పొగిడాను గనుక ఒక వరం అడుగుతాను. బైపాస్‌కూ రైలు గూడ్స్ షెడ్డుకూ పొత్తు కుదిరేచోట, భూముల ధరలు ఎగబాకకముందే, అభివృద్ధి పటంలో స్థలం గీయండి. లారీ టెర్మినల్, గిడ్డంగులు, కాటా, డ్రైవర్లకు స్నానపు గదులు అక్కడ ఉండాలి. సరుకు అక్కడే దిగి, రద్దీ లేని వేళ చిన్న బండ్లలో ఊళ్లోకి రావాలి. దానికి రైల్వే, రహదారులు, నగరపాలిక, బజారు సమితి ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ రోజు హమాలీలనూ పిలవండి. ఏ సందులో లారీ తిరగదో, ఏ గంటకు రోడ్డు ఖాళీ అవుతుందో వాళ్లు అక్కడికక్కడే చెబుతారు.