భీమిలి దాకా వెళ్లని భీమిలి యాత్ర

"తీరిగ్గా అలా బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొద్దాం" అనే మాటలో రెండు అబద్ధాలున్నాయి. ఒకటి తీరిక, రెండోది భీమిలి. విశాఖపట్నం నుంచి ముప్ఫై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉండే దారి అది. అందులోనే కురుసుర, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ ఒక్క పూటలో కుక్కేస్తారు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో కొలువు చేసిన కురుసుర జలాంతర్గామిని, వెనకవాళ్ల తోపుడు పుణ్యమా అని, ఈ చివర ఎక్కి ఆ చివర దిగేస్తారు. బౌద్ధ భిక్షువులు ధ్యానం చేసుకున్న తొట్లకొండ మీద ఇప్పుడు వినబడేది "ఇంకెంతసేపు, కారెక్కండి" అన్న కేక.

ఈ పరుగుకు మూలం చూడాలన్న యావ అనుకుంటారు గానీ, అసలు మూలం మధ్యాహ్న భోజనం. పొద్దున తిన్న ఇడ్లీ అరగకముందే "భోజనం ఎక్కడ?" అన్న ప్రశ్న లేస్తుంది. ఇందులో రెండు పార్టీలు. పులిహోర పార్టీకి నీడ కావాలి, చేతులు కడుక్కోను నీళ్లు కావాలి, ఇసుక ఎగరకూడదు, కుక్కలు రాకూడదు, సముద్రం మాత్రం కనబడాలి. ఈ ఐదూ కలిసొచ్చే చోటు ఆ తీరంలో దేవుడు చెయ్యలేదు. సరుగుడు తోపులో నీడుంటే ఇసుకా ఉంటుంది. చివరికి అద్దాలు బిగించుకుని కారులోనే, ఒళ్లో పేపరు ప్లేట్లతో కానిస్తారు. ఒక జీడిపప్పు సీటు సందులో పడుతుంది. దాన్ని వెతికేలోగా రుషికొండ దాటిపోతుంది. హోటల్ పార్టీ ఇంకా ఘనం. వంజరం వేపుడు ఊళ్లోనే బాగుంటుందని ఎవరో అంటారు, భీమిలి కూతవేటు దూరంలో ఉందనగా కారు వెనక్కి తిరుగుతుంది.

"ఉన్నది ఒక్క సెలవు, అన్నీ చూడకపోతే పెట్రోలు దండగ కదా" అంటారు. గాలీ వానా సముద్రమూ వేల ఏళ్లు కూర్చుని మలిచిన ఎర్రమట్టి దిబ్బలకు పది నిమిషాలిస్తే పెట్రోలు గిట్టినట్టా? వచ్చే ఏడాదికి అవి మిగులుతాయో లేదో అంటే మాత్రం ఒప్పుకోవాల్సిందే. అక్కడి మట్టి తవ్వకాల గొడవలు విన్నాక ఆ భయం సబబే.

ఇక "భీమిలిలో చూడ్డానికేముంది?" అనేవాళ్లున్నారు. గోస్తని సముద్రంలో కలిసే చోటుంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు వ్యాపారానికి వచ్చారు. వాళ్లలో కొందరు ఇంటికి పోలేదు; సమాధులు ఇంకా అక్కడే ఉన్నాయి. 1933లో విశాఖ హార్బరు తెరిచాక పెద్ద ఓడల దారి అటే అయింది. ఓడలు లంగరేసిన ఊళ్లో ఇవాళ కార్లు కూడా ఆగకపోవడం నవ్వుకునే విషయం కాదు.

కాబట్టి ఈసారి వెళ్లేవాళ్లకు ఒక మనవి. ఇంట్లోనే కడుపునిండా తినండి. కారు వదిలేసి, రైల్వేస్టేషన్ దగ్గర 900కె బస్సెక్కి, భీమిలికే టిక్కెట్టు తీసుకోండి. మధ్యలో ఎవరు పిలిచినా దిగకండి.