కడుపు నిండిన వేళ కట్టే బయానా

మనిషి చేత డబ్బు కట్టించడానికి మంచి ముహూర్తం ఏదో పంచాంగంలో దొరకదు, క్రూజ్ కంపెనీలను అడగాలి. ఏడు రాత్రుల ప్రయాణంలో ఆరో రోజు. ఆ రోజు ఓడ ఏ రేవుకూ పోదు, తెల్లారింది మొదలు సముద్రం మీదే. వంట లేదు, గిన్నెలు లేవు, ఆఫీసు ఫోను మోగదు, తిండి పూటకు రెండుసార్లు. ఆ సుఖం ఒంటికి పట్టేసరికి, ఎల్లుండి మళ్లీ ఇల్లూ ఇంటి పనీ అన్న సంగతి గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది. సరిగ్గా అప్పుడే మైకు పలుకుతుంది. ఫ్యూచర్ క్రూజ్ డెస్కు తెరిచే ఉంది, వచ్చే ప్రయాణానికి ఇప్పుడే డిపాజిట్ కట్టండి, ఈ లాభం ఓడలో ఉన్నవాళ్లకే, దిగాక అడిగినా దొరకదు.

పెళ్లి పంక్తిలో ఇంకా పెరుగన్నం కలపనివాడి విస్తరి పక్కన రసీదు పుస్తకం పెట్టి, 'వచ్చే పెళ్లి భోజనానికి ఇప్పుడే కట్టండి, చెయ్యి కడుక్కున్నాక ఈ రేటు ఉండదు' అంటే మనవాళ్లు ఊరుకుంటారా? వంటవాడి మీదికి లేస్తారు. అదే పని నల్లసూటు వేసుకుని, ఏసీ గదిలో, సముద్రం కనిపించే అద్దం పక్కన కూర్చుని చేస్తే వరస కట్టి మరీ నిలబడతారు. ఆ వరసలో చోటు కోసం పొద్దున్నే లేచి పోయే భక్తులు కూడా ఉన్నారు.

పథకం పైకి మహా సాధువు. ప్రిన్సెస్ ఓడల్లో మనిషికి 100 డాలర్లు, రెండేళ్ల గడువు. డిస్నీలో గదికి 250 డాలర్లు, 24 నెలల గడువు, చాలా ప్రయాణాల మీద ఛార్జీలో 10 శాతం తగ్గింపు. నార్వీజియన్‌లో క్రూజ్‌నెక్స్ట్ అని 250 డాలర్ల పత్రాలు. రాయల్ కరీబియన్‌లో నెక్స్ట్‌క్రూజ్. పేర్లు వేరైనా తంతు చాలావరకు ఒకటే: ఇప్పుడు కొంత కట్టు, తరువాతి ప్రయాణంలో ఓడ మీద ఖర్చు పెట్టుకునేందుకు కొంత 'ఆన్‌బోర్డ్ క్రెడిట్' ఇస్తాం. చాలాచోట్ల ఏ ఓడో, ఏ తేదీనో, ఏ రేవునుంచో చెప్పనక్కర్లేదు. ఆలూ లేదు చూలూ లేదు, సోమలింగం పేరు మీద మాత్రం గది రిజర్వయి ఉంటుంది.

ఈ డెస్కు ముందుకు ఒక మావయ్యగారిని తీసుకువద్దాం. గుంటూరులో బ్యాంకు మేనేజరుగా రిటైరై, డాలస్‌లో కూతురి దగ్గరికి వచ్చారు. అల్లుడు ఐదు గంటలు కారు నడిపి గాల్వెస్టన్ తీసుకొచ్చి ఓడ ఎక్కించాడు. అమెరికాలో తెలుగు కుటుంబాలు అమ్మానాన్నలకు చూపించే వింతల్లో నయాగరా తరువాత ఇప్పుడు క్రూజే. ఊళ్లో గోదావరి లాంచీ ఎక్కమంటే తల తిరుగుతుందనే అత్తగారు కూడా పదిహేనో అంతస్తు బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతుంది.

"అల్లుడుగారూ, ఈ డిపాజిట్ మీద వడ్డీ ఎంతిస్తారో కనుక్కోండి."

"వడ్డీ ఉండదండి మావయ్యగారూ. క్రెడిట్ ఇస్తారు."

"క్రెడిట్ అంటే మన ఖాతాలో వేస్తారా?"

"కాదండి. మళ్లీ ఓడ ఎక్కినప్పుడు ఓడలో ఖర్చు పెట్టుకోవాలి."

"మళ్లీ ఎక్కకపోతే?"

అల్లుడు ఈ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చి డెస్కు అమ్మాయిని అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు కంపెనీని బట్టి మారుతుంది. ప్రిన్సెస్, డిస్నీ వాడుకోని డిపాజిట్‌ను తిరిగి ఇస్తాయి. క్రూజ్‌నెక్స్ట్ పత్రం కొన్నారంటే డబ్బు వెనక్కి రాదు, ఓడ ఎక్కి తీర్చుకోవాల్సిందే. పైగా మామూలుగా ఒక గదికి ఒక పత్రమే చెల్లుతుంది. ఆరో రోజు ఉత్సాహంలో నాలుగు కొన్నవాడు నాలుగుసార్లు సముద్రం మీదికి పోవాలి. అదేదో మొక్కు అయితే దేవుడైనా వాయిదా ఇచ్చేవాడు.

వడ్డీ మాట ఎత్తగానే నవ్వేవాళ్ల కోసం ఒక లెక్క. మావయ్యగారు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేసుకున్న డబ్బుకు 2023 నుంచి 8.2 శాతం వస్తోంది. దాన్ని ఓడవాళ్లతో పోల్చడం అన్యాయమంటారేమో, అయితే ఓడవాళ్ల సొంత లెక్కే చూద్దాం. 2020 ఏప్రిల్‌లో, మహమ్మారి వల్ల ఓడలన్నీ లంగరేసుకున్న వేళ, కార్నివాల్ కార్పొరేషన్ బాండ్లు అమ్మి 400 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. వడ్డీ 11.5 శాతం. ఓడలు హామీగా పెట్టి మరీ. అదే నెలల్లో ఇతర కంపెనీలు రద్దయిన ప్రయాణాలకు డబ్బు కట్టిన ప్రయాణికులతో ఏమన్నాయి? 'నగదు కావాలంటే కట్టినంతే ఇస్తాం, మా దగ్గరే ఉంచితే వచ్చే ప్రయాణానికి 125 శాతం విలువగా లెక్కేస్తాం' అన్నాయి. బాండు కొన్న పెద్దమనిషికి వడ్డీ, తాకట్టు. డిపాజిట్ కట్టిన అల్లుడికి ఒక కాక్‌టెయిలు. ఇద్దరూ అప్పిచ్చినవాళ్లే. ఒకడికి మాత్రమే తాను అప్పిచ్చానని తెలుసు.

ఇవి చిల్లర డబ్బులు కావు. 2024 మే చివరకు కార్నివాల్ గ్రూపు ఖాతాల్లో ప్రయాణికుల ముందస్తు చెల్లింపులు 830 కోట్ల డాలర్లు. అందులో ఓడ మీద డెస్కు దగ్గర కట్టింది ఒక పాయ మాత్రమే, మిగిలినదంతా మామూలు బుకింగులది. ఏ పాయదైనా డబ్బు చేసే పని ఒకటే: మనం బట్టలు సర్దుకునేలోపు కంపెనీ డీజిలు కొనుక్కుంటుంది. లెక్కల పుస్తకంలో అది వాళ్ల బాకీ, మన పుస్తకంలో మాత్రం 'తగ్గింపు' అని రాసుకుంటాం.

ఇక ఈ ఆన్‌బోర్డ్ క్రెడిట్ అనే వరం సంగతి. వంద డాలర్లు వచ్చాయనుకుందాం. ఏడు రాత్రుల ప్రయాణానికి గదిలో ఇద్దరుంటే, సిబ్బందికి టిప్పుల పేరుతో బిల్లులో తనంతట తానే పడే మొత్తం, మనిషికి రోజుకు 16 డాలర్లు వేసుకున్నా 224. వరం సగం దారిలోనే ఆవిరి. పానీయాల మీద సేవా రుసుము 18 నుంచి 20 శాతం అదనం. వరంలో ఇంకో మెలిక కూడా ఉంది: తిరిగి ఇవ్వని రకం క్రెడిట్ ఓడ దిగేలోపు ఖర్చు చేయకపోతే మాయమవుతుంది. అందుకే ఆఖరి రాత్రి ఓడ దుకాణాల్లో ఆ తిరనాళ్ల సందడి. అక్కర్లేని టోపీలు, ఎవరికీ సరిపోని టీ షర్టులు, ఓడ బొమ్మ ఉన్న తాళపుచెవి గొలుసులు. క్రెడిట్ అయిపోయాక జేబులోంచి ఇంకో ఇరవై పెట్టి లెక్క సరిచేసినవాడు గట్టున పడ్డట్టు ఊపిరి పీల్చుకుంటాడు. ఇవ్వడమూ వాళ్ల దుకాణంలోనే, తీసుకోవడమూ వాళ్ల దుకాణంలోనే. వస్తువు ధర వేసేదీ వాళ్లే.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది రాయల్ కరీబియన్ గణితం. అక్కడ వచ్చే క్రెడిట్ గదికి లెక్క. తిరిగి ఇవ్వని డిపాజిట్‌తో బుక్ చేసి, తరువాత ఓడనో తేదీనో మార్చుకుంటే వేసే రుసుము మాత్రం మనిషికి 100 డాలర్ల లెక్క. నలుగురున్న గదికి ప్రసాదం ఒక్కటి, పాపం నలుగురిది. బ్యాంకులో ముప్పై ఏళ్లు రుసుములు వసూలు చేసిన మావయ్యగారు దీనికి మాత్రం టోపీ తీస్తారు. ఆయన కాలంలో ఇంత చక్కని ఆలోచన హెడ్డాఫీసుకు కూడా రాలేదు.

'ఓడలో ఉన్నంతవరకే' అన్న బెదిరింపుకు వద్దాం. ఇది అన్నిచోట్లా అబద్ధం కాదు. డిస్నీ 10 శాతం నిజంగానే ఓడ మీదే పుట్టి ఓడ మీదే పోతుంది. ఆ కంపెనీ ఛార్జీల మీద 10 శాతమంటే కుటుంబానికి వందల డాలర్లే. కాదనను. కాకపోతే 10 శాతం తగ్గించేది ఏ అంకె మీద? ఆ అంకె రాసేదీ వాళ్లే. గదులు నిండే కొద్దీ అది పైకి పోతూనే ఉంటుంది, పన్నుల మీద తగ్గింపు వర్తించదు. మిగతా కంపెనీలకు జనవరి నుంచి మార్చి దాకా అమ్మకాల జాతర. అప్పుడు ఒడ్డున కూర్చున్నవాడికి కూడా క్రెడిట్లు, ఉచిత పానీయాలు, మూడో మనిషికి ఛార్జీ మాఫీలు కురుస్తాయి. ఏజెంటు తనకొచ్చే కమిషన్‌లో కొంత క్రెడిట్‌గా తిరిగి ఇవ్వడమూ మామూలే. ఓడ మీద చేసిన బుకింగును తరువాత ఏజెంటుకు అప్పగించే వీలు చాలా కంపెనీలు ఇస్తాయి. ఈ మాట అనుభవమున్న ప్రయాణికులు చెప్పాలే తప్ప మైకులో వినిపించదు. ఒడ్డుకు చేరితే దొరకదన్నది నిజానికి తగ్గింపు కాదు, ఆరో రోజు మత్తు. ఇంటికెళ్లి బట్టలు ఉతుక్కుని, ఆ నెల కార్డు బిల్లు చూసుకున్నవాడు ఇంత సులువుగా సంతకం పెట్టడు. కంపెనీ కొనుక్కునేది ఆ బిల్లుకు ముందున్న రెండు రోజుల్నే.

గడువు రెండేళ్లంటే ఎంతో తీరుబడి అనిపిస్తుంది. మన అల్లుడికి రెండేళ్ల తరువాత ఏం తెలుసు? హెచ్1బీ పొడిగింపు వస్తుందో రాదో తెలియదు. కంపెనీ తనను ఉంచుకుంటుందో లేదో తెలియదు. వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వెళితే ఎప్పుడు తిరిగొస్తాడో తెలియదు. మావయ్యగారు సందర్శకుల వీసా మీద వచ్చారు. ఆరు నెలలకు తిరిగి వెళ్లాలి, మళ్లీ వచ్చేది కూతురి రెండో కాన్పుకో, ఆయన మోకాలి ఆపరేషన్ తరువాతో. ఇన్ని తెలియనితనాల మధ్య ఆ ఇంట్లో ఖాయమైన భవిష్యత్తు ఒకటే, బాల్కనీ గది.

ఓడ కంపెనీ భవిష్యత్తు? 2022 జనవరిలో క్రిస్టల్ సింఫనీ అనే విలాస నౌక మయామికి తిరిగి రావాల్సి ఉంది. ఇంధనం అమ్మినవాళ్లు బాకీ కోసం కోర్టుకెక్కితే, అమెరికా జడ్జి ఓడను అరెస్టు చేయమని వారంటు ఇచ్చాడు. ఓడ మయామి వైపు చూడకుండా బహామాస్‌లోని బిమినీకి తిరిగింది. సెలవుకు వచ్చిన ప్రయాణికులను ఫెర్రీ ఎక్కించి ఫ్లోరిడాకు పంపారు. యజమాని జెంటింగ్ హాంకాంగ్ అప్పటికే మునిగింది, ఆ క్రూజ్ కంపెనీ వ్యాపారమూ ఆగిపోయింది. ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లు అప్పులవాళ్ల వరసలోకి చేరారు. ఆ వరస ఫ్యూచర్ క్రూజ్ డెస్కు వరసంత వేగంగా కదలదు.

అమెరికా చట్టం ప్రయాణికులను పూర్తిగా వదిలేయలేదు. ఓడ బయల్దేరకపోతే డబ్బు తిరిగి ఇవ్వగల స్తోమత చూపించాలని 1966 నుంచీ నిబంధన ఉంది. అది అమెరికా రేవుల్లో ఎక్కే ప్రయాణాలకే. పైగా పూచీకి ఒక గరిష్ఠ పరిమితి. 2015లో దాన్ని పెంచి కంపెనీకి 3 కోట్ల డాలర్లు చేశారు, అప్పటినుంచీ ధరల సూచీని బట్టి సవరిస్తున్నారు. కార్నివాల్ గ్రూపులో కంపెనీలు చాలా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో పూచీ అనుకున్నా, అటు 830 కోట్లు ఇటు 3 కోట్లు పెట్టి చూస్తే ఆ చట్టం గొడుగు కింద ఎవరి తల తడవకుండా ఉంటుందో తెలుస్తుంది. అల్లుడు క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే, వివాదం వేసి డబ్బు వెనక్కి అడిగే దారి ఒకటి ఉంటుంది. చట్టంకన్నా ఆ ప్లాస్టిక్ ముక్కే నయం.

ఇంత తిట్టాక న్యాయం కూడా చెప్పాలి. ఫ్లోరిడాలో రేవుకు అరగంట దూరంలో ఉంటూ, పిల్లలు ఎదిగి వెళ్లిపోయాక ఏడాదికి రెండుసార్లు ఓడ ఎక్కే రిటైరైన దంపతులు ఎలాగూ మళ్లీ ఎక్కుతారు. వాళ్లు తిరిగి వచ్చే 100 డాలర్లు కట్టి క్రెడిట్ తీసుకుంటే తప్పేమీ లేదు. నా గొడవ ఎలాగూ వెళ్లేవాళ్లతో కాదు, ఈ డిపాజిట్ వల్ల వెళ్లాల్సి వచ్చేవాళ్లతో. ఇరవై మూడో నెలలో ఫోనులో గడువు హెచ్చరిక చూసి, వంద డాలర్ల డిపాజిట్ వృథా అవుతుందని కంగారుపడి, నాలుగు వేల డాలర్ల ప్రయాణం ఖాయం చేసేవాళ్లు వాళ్లు. తిరిగి ఇచ్చే రకమైతే వదిలేసినా డబ్బు వచ్చేది. ఆ సంగతి గుర్తుండదు, కాక్‌టెయిలు మాత్రం గుర్తుంటుంది.

డెస్కు దగ్గర కథ ముగిసింది. అల్లుడు అత్తగారికి, మావయ్యగారికి కూడా కలిపి నలుగురి పేర్ల మీదా కట్టాడు. డెస్కు అమ్మాయి ముత్యాల్లాంటి నవ్వుతో నాలుగు కాగితాలు ఇచ్చింది. మావయ్యగారు కళ్లజోడు పెట్టుకుని తన కాగితం ముందూ వెనకా తిప్పి చూశారు. పేరుంది, సొమ్ముంది, గడువుంది. ఇంకొకరి పేరుకు మార్చడానికి వీల్లేదని చిన్న అక్షరాల్లో ఉంది.

"అల్లుడుగారూ, నాకు డెబ్బై రెండు నడుస్తోంది. ఇందులో నామినీ కాలమ్ ఎక్కడుందో ఆ అమ్మాయిని అడగండి."