రాజుకి పెట్టిన ముద్ద

"కుక్కలతో పెరిగినవాణ్ణి, నాకు చెప్పకండి." బీగిల్ పిల్లను ఇంటికి తెచ్చిన కొత్తలో ఈ మాట అందరితో అన్నాను. టీకాలు వేసిన డాక్టరుతో అన్నాను. తిండి కొలతలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించిన మా అమ్మాయితో అన్నాను. ఆ కాగితాన్ని చింపలేదు గాని, కరెంటు బిల్లు తెచ్చి దాని మీద పెట్టాను.

నా ధైర్యానికి ఆధారం రాజు. తెనాలి పక్కన మా పల్లెలో మా అరుగునే నమ్ముకుని బతికిన నాటు కుక్క వాడు. అందరి భోజనాలూ అయ్యాక అమ్మ ఇంత అన్నంలో మజ్జిగ పోసి, గిన్నె అడుగున మిగిలిన పప్పు కలిపి వాడికి పెట్టేది. ఆ ముద్ద తిని రాజు చాలా ఏళ్లు బతికాడు. ఏ డాక్టరూ వాణ్ణి చూడలేదు. పెరుగన్నాన్ని మించిన తిండి కుక్కకి లేదని నాలో స్థిరపడిపోయింది.

కూకట్‌పల్లిలో మా మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి వచ్చిన బీగిల్ పిల్ల కుకీకి అదే మొదలుపెట్టాను. పొద్దున నా కాఫీ వేళకి వాడికి పాలు, గుప్పెడు గ్లూకోజ్ బిస్కెట్లు. మధ్యాహ్నం పెరుగన్నం. రాత్రి మేం తిన్నదే. కోడికూర వండిన రోజు ముక్కని నీళ్లలో కడిగి, కారం పోయిందని నాలుకకి రాసుకుని చూసి మరీ పెట్టేవాణ్ణి. అలా కడుగుతున్నప్పుడు ఎంత జాగ్రత్తపరుణ్ణో అని నా మీద నాకే ముచ్చటగా ఉండేది. ఉల్లిపాయలో ఉండే గంధకపు పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయని నాకు తెలియదు. వేయించినా ఉడికించినా ఆ గుణం పోదు. ఉల్లీ వెల్లుల్లీ నూరి వండిన కూరలో ముక్కని ఎన్ని నీళ్లతో కడిగితే మాత్రం ఏం లాభం? చుట్టాలు తిరుపతి నుంచి లడ్డు తెచ్చినప్పుడు ప్రసాదం కదా అని చిదిపి వాడి నోట్లోనూ పెట్టాను. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల మూత్రపిండాలను పూర్తిగా చెడగొడతాయి, ఏ కుక్కకి ఎంత పడితే ప్రమాదమో ముందు చెప్పే లెక్క లేదు. కుకీకి ఏమీ కాలేదు. అందులో నా తెలివేమీ లేదు.

ఎంత పెట్టినా వాడు ఇంకా కావాలన్నట్టే చూసేవాడు. ఆ చూపుని నేను ఆకలి అనుకున్నాను. బీగిల్ ఇంగ్లండులో అడవి కుందేళ్ల వేటకోసం పెంచిన జాతి. గుంపులుగా, ముక్కు నేలకి ఆనించి, గంటల తరబడి వాసన వెంట పరుగెత్తేందుకు తయారు చేసుకున్న కుక్క. అమెరికా వ్యవసాయ శాఖ 1984లో విమానాశ్రయాల్లో ప్రయాణికులు దాచి తెచ్చే పండ్లనీ మాంసాన్నీ పట్టుకోవడానికి బీగిళ్లనే వాడడం మొదలుపెట్టింది. ముక్కు గొప్పది కావడం ఒక కారణమైతే, ఓ తినుబండారం ముక్క కోసం ఎంత పనైనా చేయడం ఇంకొకటి. తిండి కనిపించినంతసేపూ అడగడం ఆ జాతి నైజం. కడుపు నిండిందా లేదా అన్నది ఆ చూపుని బట్టి చెప్పలేం. నేను మాత్రం వాడు అడిగిన ప్రతిసారీ పెట్టి, తోక ఊపగానే నా ప్రేమ చేరిందని సంతోషపడ్డాను.

11 కిలోలు ఉండాల్సిన కుక్క 16 దాటింది. మెట్లు ఎక్కడం మానేశాడు. సోఫా మీదికి గెంతబోయి ఆగిపోయేవాడు. బద్ధకం అన్నాను, ఎండాకాలం అన్నాను. చివరికి వెనక కాళ్లు తడబడుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. బీగిల్‌కి వెన్నుపూసల మధ్య డిస్కు జారే ముప్పు పుట్టుకతోనే ఎక్కువని, దాని మీద ఐదు కిలోల బరువు అదనంగా వేలాడుతోందని ఆయన చెప్పారు. ఈ జాతిలో థైరాయిడ్ తగ్గడం కూడా మామూలే కాబట్టి రక్తపరీక్ష రాశారు.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకూ ఇంట్లో వాళ్లకి కూడా చెప్పలేదు. ఆ రిపోర్టు వచ్చేదాకా వాడికి థైరాయిడ్ ఉండాలని కోరుకున్నాను. ఉంటే జీవితాంతం మాత్రలు వేయాలని తెలిసే కోరుకున్నాను. జబ్బు వల్లే లావయ్యాడని తేలితే నా తప్పు లేనట్టే కదా. కాళ్లీడ్చుకుంటూ నా పక్కనే పడుకున్న కుక్కకి జబ్బు రావాలని మొక్కుకున్నాను. రిపోర్టులో అంతా సరిగ్గా ఉంది. డాక్టరు ఏమీ అనలేదు. "రోజంతా ఏమేం పెడతారో రాసివ్వండి" అన్నారు. రాస్తుంటే నా చెయ్యి సిగ్గుపడింది. బిస్కెట్ల దగ్గర ఎన్ని అని రాయాలో తోచక "కొన్ని" అని రాశాను.

ఆయన లెక్క వేసి చూపించారు. 11 కిలోల కుక్క ఊరికే పడుకున్నా రోజుకి సుమారు 420 కేలరీలు కావాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, మామూలుగా తిరిగే కుక్కకైతే 650 నుంచి 700. అసలు తిండి కాకుండా పెట్టే చిరుతిళ్లన్నీ కలిపి అందులో పదో వంతు మించకూడదు. ఒక గ్లూకోజ్ బిస్కెట్టులో 20కి పైనే ఉంటాయి. అంటే నా పొద్దుటి గుప్పెడుతోనే వాడి రోజు చిరుతిళ్ల వాటా దాటిపోయేది.

అయినా నా పొగరు తగ్గలేదు, దారి మార్చుకుంది. అన్నమే కదా చేటు చేసిందని దాన్ని ఒక్కసారిగా మానిపించి, ఎముక తీసిన కోడిమాంసం ఉడికించి, కాస్త క్యారెట్ కలిపి పెట్టడం మొదలుపెట్టాను. అపార్ట్‌మెంటులో కుక్కలున్న వాళ్లందరికీ అదే పెట్టమని చెప్పాను కూడా. తర్వాతి చెకప్‌లో గర్వంగా ఆ సంగతి చెబితే డాక్టరు పెన్ను కింద పెట్టారు. మాంసంలో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. కుక్క తిండిలో ఆ రెంటిలో కాల్షియమే కొంచెం పైచేయిగా, 1.2కి 1 చొప్పున ఉండాలి. అలా అందకపోతే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. ఇక అన్నం విషయమా, అన్నం నేరమేమీ లేదు. మనిషి పక్కన చేరాక కుక్క పిండి పదార్థాన్ని అరిగించుకోవడం నేర్చిందని, అందుకు పనికొచ్చే జన్యువు తోడేలులో కన్నా కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువసార్లు ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లోనే చూపించారు. ఇంటి వంటే పెట్టాలనుకుంటే పశువుల పోషకాహారం చదివినవాళ్ల చేత కొలతలు రాయించుకోవాలి, మన ఊహతో కాదు అన్నారాయన.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి రాజు సంగతి ఎత్తాను. మజ్జిగన్నంతో వాడెలా అంత గట్టిగా ఉన్నాడు అని అడిగాను. అమ్మ ఆశ్చర్యపోయింది. "ఒరేయ్, వాడు మన ముద్దతో బతికాడనుకున్నావా? కోతలప్పుడు పొలంలో ఎలకలన్నీ వాడివే. కాలవ గట్టున చేపల తలకాయలు, మాంసం కొట్టు దగ్గర ఎముకలు. మన కోళ్ల గుడ్లు ఎన్ని తిన్నాడో మీ నాన్నకి తెలుసు."

నేను చూసింది అరుగు కింది ముద్ద ఒక్కటే. మాంసం, ఎముక, గుడ్డు, మైళ్ల కొద్దీ పరుగు, అన్నీ వాడు తనంతట తాను వెతుక్కున్నాడు. మూడో అంతస్తులో ఉన్న కుకీకి ఎలక లేదు, కాలవ గట్టు లేదు. నా చేతిలోంచి రానిదేదీ వాడి ఒంట్లోకి పోదు. అంత బాధ్యత చేతిలో ఉందని తెలియకుండా, అన్నీ తెలిసినవాడిలా నడుచుకున్నాను.

తర్వాత చదివిన ఒక పరిశోధన నన్ను ఇంకా బాధపెట్టింది. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా పెంచారు. ప్రతి జతలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి. జీవితాంతం అలాగే. 2002లో వెలువడిన ఫలితం ప్రకారం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులు కూడా ఆలస్యంగా వచ్చాయి. కుక్క ఆయుష్షే పన్నెండూ పదమూడేళ్లు. ఇంకో రెండు బిస్కెట్లు, ఇంకో ముద్ద అంటూ నేను ముద్దు చేసిన ప్రతిరోజూ వాడి ఆ రెండేళ్లలోంచే తీసుకున్నాను.

ఇప్పుడు వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉంది. ఎదిగిన కుక్కలకి కావలసిన అన్ని పోషకాలూ ఉండే పొడి తిండిని గ్రాముల లెక్కన తూచి రెండు పూటలా పెడుతున్నాను. కప్పుతో కొలిస్తే నా చెయ్యి ఎప్పుడూ ఎక్కువ వైపే ఒరుగుతుంది. అందులోంచి కొంత తీసి పాత తువాలు మడతల్లో దాస్తే వాడు ముక్కుతో వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటలో వాడి ఆనందం గిన్నెలో పెట్టినప్పుడు నేనెన్నడూ చూడలేదు. బిస్కెట్ అడిగిన వేళ ఉప్పు వేయకుండా ఉడికించిన సొరకాయ, బీన్స్, లేదంటే దోసకాయ చెక్క. మా అమ్మాయి కాగితం మీది కరెంటు బిల్లు నేనే తీసేశాను.

వారానికోసారి పక్కటెముకలు తడిమి చూస్తాను. పిడికిలి బిగించి కణుపులు తడిమినట్టు ఎముకలు పొడుచుకొస్తే బక్కచిక్కినట్టు. చెయ్యి చాచి వెనకవైపు నిమిరితే ఎలా తెలుస్తాయో అలా తగిలితే సరైన ఒళ్లు. అరచేతిలో మెత్తదనం కింద దాగిపోతే కొవ్వు. ఒకప్పుడు కుకీ పూర్తిగా అరచేతి వైపే ఉండేవాడు. ఇప్పుడు కొవ్వు కిందనుంచి ఎముకలు వేళ్లకి అందుతున్నాయి. పోయినసారి తూచినప్పుడు 13 లోపుకి వచ్చాడు. తొందరపడొద్దని, వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతం మించి తగ్గకూడదని డాక్టరు చెప్పారు. ఇంకా దాదాపు రెండు కిలోలు తగ్గాలి.